రాయి చెప్పని మాట

తనది కాని తప్పును ఒక మనిషి ఎందుకు మీద వేసుకుంటాడు? ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. అడగాల్సిన మనిషి, మా స్కౌటు సారు, మేడ్చల్‌లో తన ఇంట్లోనే కన్నుమూశారని మొన్న ఉదయం మా బడి వాట్సాప్ గ్రూపులో చూశాను. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, అంతే.

శామీర్‌పేట దగ్గర మా ఊరి బడిలో ఆయన మాచేత వాతావరణ కేంద్రం కట్టించారు. వాన కొలిచేందుకు కొబ్బరినూనె డబ్బా. అందులో మేకలు మూతి పెట్టేవి గనక, రిజిస్టరులో "మేక తాగగా మిగిలినది రెండు వేళ్లు" అని రాయించేవారు. విరిగిన గొడుగు ఊచకు గుచ్చిన రేకు కోడి, గాలి ఎటు వీచినా హెడ్మాస్టరు గదివైపే చూసేది. అన్నిటికన్నా గొప్పది వేపకొమ్మకు తాడుతో వేలాడే రాయి. పక్కన అట్ట మీద ఆయన చేతిరాత: రాయి తడిస్తే వాన. ఊగితే గాలి. నీడ పడితే ఎండ. కనబడకపోతే పొగమంచు.

మేం పడిపడి నవ్వినా ఆయన నవ్వేవారు కాదు. "చూసింది చెప్పాలె. అనుకున్నది చెప్పొద్దు" అనేవారు.

ఏడో తరగతిలో రాయి చూసే డ్యూటీ నాది. కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే, బాపు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కన నిలబడి మబ్బు చూస్తున్నాడు. ఎత్తాలా ఉంచాలా తేలక, మీ సారు రాయి ఏమంటాంది బిడ్డా అని అడిగాడు.

"వాన రాదంట బాపూ. సారు చెప్పిండు" అన్నాను.

సారు ఏమీ చెప్పలేదు. రాయి పొడిగా ఉంది, అంతే.

మూడింటికి వాన కుమ్మేసింది. సారు క్లాసు ఆపి పిల్లలందరినీ తట్టలు, చాటలతో పరుగెత్తించుకొచ్చారు. అప్పటికే సగం వడ్లు కాలువపాలు. బాపు తడిసిన తువ్వాల పిండుకుంటూ, "సదువుకున్నోనివి, పోరితోని గట్ల చెప్పి పంపితివి. మా కష్టమంత పాయె గద సారూ" అన్నాడు.

సారు నావైపు ఒకసారి చూశారు. "తప్పు నాదే పటేలా" అన్నారు.

బదిలీ అయ్యేదాకా ఊళ్లో ఆయన పేరు రాయి సారే. మర్నాడు నా డ్యూటీ తీసేస్తారనుకున్నాను. తీయలేదు. రాయి ఎట్లుందని అడిగారు. తడిగుంది సార్ అన్నాను.

"ఇంకా?"

ఇంకేం లేదు సార్ అన్నాను. తలూపి రిజిస్టరు నా ముందుకు జరిపారు.

మొన్న మేడ్చల్‌కు బాపు కూడా నాతో వచ్చాడు. సారు వాకిట్లో కూర్చున్నవాళ్లకు వడ్ల కథ చెప్పాడు. మంచోడే గానీ మమ్ముల ముంచిండు అంటే అందరూ మెల్లగా నవ్వారు. సారు భార్య మాత్రం, "మాకు గీ ముచ్చట ఎన్నడు చెప్పలే" అంది. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

తిరిగొస్తుంటే కండ్లకోయ దగ్గర బండ్లు ఆగిపోయాయి. బాపు సీటుకు తల వాల్చి నోరు తెరిచి నిద్రపోతున్నాడు, చొక్కా జేబుకు ఒక బంతి రేక అంటుకుని ఉంది. నిజం చెబితే సారు మీద పడ్డ మాట పోతుందా? లేక ఇంట్లో కూడా విప్పకుండా ఆయన కాపాడినదాన్ని నేను పాడుచేసినట్టా? ఎనభై ఏళ్ల బాపును ఇప్పుడు బాధపెట్టడం ఎవరి కోసం? చెప్పాలో వద్దో నాకు ఇంకా తేలలేదు.