తాళం వేసిన గదిలో ఆన్‌లైన్ పాఠాలు

2008 జూన్‌లో నన్ను కలకత్తా ఖిదిర్‌పూర్‌లోని ఒక వృత్తివిద్యా కళాశాలకు వైస్ ప్రిన్సిపాల్‌గా వేశారు. సాయంత్రం బ్యాచ్, కళాశాల సామగ్రి నా బాధ్యతలు. ఆ ఏడే ఎలక్ట్రీషియన్ కోర్సు థియరీ పాఠాలు ఇంటర్నెట్‌లోకి మారాయి. విద్యార్థి తన నంబరుతో కంప్యూటర్‌లో పాఠాలన్నీ చూసి ముగిస్తేనే ప్రాక్టికల్ పరీక్షకు హాల్ టికెట్ వచ్చేది.

కంప్యూటర్లేమో ఏసీ గదిలో ఉండేవి. ఆ రోజుల్లో ఆ గదికి పూజగది మర్యాదలన్నీ జరిగేవి. చెప్పులు బయటే విడవాలి. సాయంత్రం బ్యాచ్ వచ్చేసరికి ల్యాబ్ ఇన్‌చార్జి బిశ్వాస్‌బాబు తాళం వేసుకుని లోకల్ రైలెక్కేసేవారు.

ఈ సంగతి నాకు చెప్పింది రమణమ్మ. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మునిసిపాలిటీ కార్మికుడి కూతురు. పగలు గార్డెన్ రీచ్‌లో బట్టలు కుట్టి, సాయంత్రం చదువుకునేది.

"పగలు రాలేకే కద సార్, సాయంత్రం బేచీలో సేరినాను. పాటాలు సూడకుండా పరీచ్చకి ఎలాగెల్తాను? ఏటి సెయ్యమంటారు?" అని నిలదీసింది.

నాకు ఒళ్ళు మండింది. గది తెరిచి ఉంచమంటే, అదనపు వేళలకు పై ఆఫీసు అనుమతి కావాలన్నారు ప్రిన్సిపాల్. అది వచ్చేలోగా పరీక్షలైపోతాయి. సామగ్రిని ఒక గది నుంచి మరో గదికి మార్చే అధికారం మాత్రం నాకుంది. కంప్యూటర్లలో సగం, సాయంత్రం ప్రాక్టికల్స్ కోసం తెరిచే ఉండే వర్క్‌షాప్‌కు తరలించమని ఆర్డరు రాశాను. ధూళికి పాడైతే జవాబుదారీ ఎవరని బిశ్వాస్‌బాబు అడిగారు. నేనేనని అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఇంటర్నెట్ కేబుల్ వరండా వెంట లాగింది సాయంత్రం బ్యాచే. దాన్నే వాళ్ళ వైరింగ్ ప్రాక్టికల్ కింద జమకట్టాను. గోడకు కేబుల్ క్లిప్పులు కొట్టడంలో రమణమ్మ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

మొదటి పాఠం రోజున, ఎలా ఉందో చూసి పోదామని బిశ్వాస్‌బాబు ఉండిపోయారు. అలవాటు కొద్దీ వర్క్‌షాప్ గుమ్మంలో బూట్లు విప్పారు. కరెంటు పని జరిగే చోట ఉత్త కాళ్ళతో అడుగు పెట్టకూడదన్నది మా మొదటి నియమం.

"దాదా, జూతా పెహనియే" అని, బూట్లు వేసుకోమంటూ రమణమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఆయన నవ్వుకుంటూ మళ్ళీ లేసులు కట్టుకున్నారు. నాకు మహా సంతోషం వేసింది.

ధూళికి ఒక కంప్యూటర్ పాడైంది. సంజాయిషీ రాసిచ్చాను. రమణమ్మకు హాల్ టికెట్ వచ్చింది.

ఆ తర్వాత ఏ కళాశాలలో ఆన్‌లైన్ పాఠాలు పెట్టినా, కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయని ముందు అడగలేదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఆయన ఎన్నింటికి ఇంటికి వెళ్తారు అని అడిగాను.