మైకులో చదివిన చీటీ

మా చర్చిలో ఒక అట్టపెట్టె ఉంది. చెప్పులు కొన్నప్పుడు వచ్చిన పెట్టెకు తెల్లకాగితం అంటించి, మూతకు కత్తితో సందు కోసి, పైన ప్రార్థన మనవులు అని రాశారు. నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం, యవ్వనస్థుల కూడిక జరిగేటప్పుడు దాన్ని ముందు బల్ల మీద పెడతారు. మనసులో ఏ బాధ ఉన్నా పిల్లలు చీటీ మీద రాసి అందులో వేయాలి. పేరు రాయక్కర్లేదు. బోధకుడు ఒక్కో చీటీ తీసి మైకులో చదివి, అందరిచేతా ప్రార్థన చేయిస్తాడు.

ఆ పెట్టెను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అట్టపెట్టె ఏం చేసింది? దాని ముందు కూర్చుని వినే మా అందరి మీదా మంట. ఆ వరుసలో నన్ను మొదట కూర్చోబెట్టుకునే ఇది రాస్తున్నాను.

నా మనవరాలికి పంతొమ్మిదేళ్ళు. నా కూతురూ అల్లుడూ తడ దగ్గర కంపెనీల్లో షిఫ్టు పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటారు. పిల్ల తిరుపతిలో చదవాలి కాబట్టి వడమాలపేటలో నా దగ్గర పెట్టారు. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం దాకా రాదు. వచ్చాక బట్టలు తడిపేది, పుస్తకం ముందేసుకునేది. నా ఇంట్లో సోమరితనానికి చోటు లేదని దానికి తెలుసు. సబ్బు అరిగి బిళ్ళయితే కొత్త సబ్బుకు అతికించి వాడటం కూడా నేర్చుకుంది.

కిందటేడు వానలు మొదలయ్యాక పిల్ల మారింది. పళ్ళెంలో సగం అన్నం అలాగే ఉండేది. తల దువ్వుకోవడానికి కూర్చుంటే దువ్వెన చేతిలో పెట్టుకుని గోడ చూస్తూ ఉండేది.

"ఏం మే, బస్సు నీ కోసరం నిలబడుకుంటాదా?" అన్నాను ఒక పొద్దు.

"పోతాండా అవ్వా."

"రెండు సబ్జెక్టులు పోయినాయంటనే. మీ యమ్మ సెప్పింది. ప్రార్థన సరిగా సేసుకునుంటే పోతాయా అవి?"

"సేసుకుంటానే ఉండా అవ్వా."

"సేసుకుంటే?"

"ఏం లేదులే."

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళాను. ఆ సాయంత్రమే దాని ఫోను తీసి బియ్యం డ్రమ్ములో పెట్టాను. కాలేజీకి వెళ్ళేటప్పుడు తీసుకో, ఇంటికి వస్తే డ్రమ్ములో పెట్టు అన్నాను. పిల్ల మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. దానికి బుద్ధి వచ్చిందని సంతోషపడ్డాను. వాదించడానికి కూడా దాని ఒంట్లో సత్తువ లేదని నాకు అర్థం కాలేదు.

నా కాగితాల సంగతి కూడా చెప్పాలి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఒక పక్క తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నా వల్ల కాదు. చర్చిలో ఏటా రోజుకొక కాగితం చించే క్యాలెండరు ఇస్తారు. ముందువైపు ఎర్రగా పెద్ద అంకె, దాని కింద ఒక వాక్యం, వెనక ఖాళీ. చించిన కాగితాలన్నీ దారానికి గుచ్చి మేకుకు తగిలిస్తాను. సరుకుల పట్టీ, మాత్రల పేర్లు, బోధలో నచ్చిన మాట, అన్నీ వాటి వెనకే రాస్తాం. చర్చిలో ఆడవాళ్ళకు ఇదొక వేడుక. "అవ్వ తన పెండ్లి పత్రిక గూడా క్యాలెండరు ఎనకే కొట్టిచ్చుంటాది" అని నవ్వుతారు. ఆ క్యాలెండరు అందరి ఇళ్ళల్లో ఉన్నా, వెనకవైపు వాడేది మా ఇల్లొక్కటే.

ఆ నెల కూడికకు వేరే ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చక్కగా మాట్లాడాడు. ఈ తరాన్ని పాడు చేసేది ఫోనే అన్నప్పుడు నేను వెనక చాప మీద కూర్చుని తల ఊపాను. పిల్లలకు పెట్టడానికి శెనగ గుగ్గిళ్ళు ఉడికించి తెచ్చింది నేనే.

బోధ అయ్యాక చీటీలు తీశాడు. ఒకరికి పరీక్ష, ఒకరికి ఉద్యోగం, ఒకరి నాయన తాగుడు. ఒక్కోదానికీ అందరం ఆమెన్ అన్నాం. తర్వాత ఒక చీటీ తీసి లోలోపల చదువుకుని, పైకెత్తి పట్టుకున్నాడు. మా వైపు ఎర్ర అంకె కనబడింది.

పక్కన కూర్చున్నామె నా మోచేయి పొడిచింది. "అవ్వా, అది మీ ఇంటి కాగితం మాదిరుండాదే."

అతను చదివాడు. పొద్దున లేవాలని అనిపించడం లేదు. నిద్ర పట్టడం లేదు. ప్రార్థన చేస్తే గోడతో మాట్లాడినట్టు ఉంది. నేను నమ్ముతున్నానో లేదో నాకే తెలియడం లేదు. అమ్మానాన్నలు నా కోసమే కష్టపడుతున్నారు కాబట్టి వాళ్ళకు చెప్పలేను.

అంతే ఉంది ఆ చీటీలో. ఈ రోజుకీ ఒక్క అక్షరం మరిచిపోలేదు.

"ఇది అవిశ్వాసపు ఆత్మ. రాసింది ఎవరో లేచి నిలబడండి. దేవుని సన్నిధిలో సిగ్గుపడకూడదు" అన్నాడతను.

పేరు రాయొద్దని చెప్పి రాయించుకున్నది వాళ్ళే. ఎవరూ లేవలేదు. ఆడపిల్లల వరుసలో నా మనవరాలు తల వంచుకుని చాప ఈనెలు గిల్లుతోంది. ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే నా వైపు తిరుగుతున్నారు. ఆ చర్చిలో రేకులు వేయకముందు నుంచీ చాపలు పరుస్తున్నదాన్ని. నా ఇంటి పిల్ల దేవుడి దగ్గర దాచిపెట్టిందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అనుకున్నాను. పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందో అనుకోలేదు.

లేచి వెళ్ళి దాని జబ్బ పట్టుకున్నాను.

"లెయ్ మే. దేవునికాడ దాసేదేముండాది?"

"వద్దవ్వా" అంది, నాకొక్కదానికే వినబడేట్టు.

లాగి నిలబెట్టాను.

పది మంది చేతులు దాని తల మీద పడ్డాయి. కీబోర్డు మోగింది. మైకులో అతను దయ్యాన్ని గద్దించాడు. పిల్ల కంట్లో చుక్క లేదు, గుంజలా నిలబడింది. కూడిక ముగిశాక నేను గుగ్గిళ్ళు పంచాను. ఎవరికీ తక్కువ కాకుండా పంచాను కూడా.

ఆ తర్వాత జరిగినదాన్ని ప్రేమ అంటారట మా వాళ్ళు. ముగ్గురు ఆడవాళ్ళు ప్రార్థన నూనె సీసాతో ఇంటికి వచ్చారు. మూడు శనివారాలు ఉపవాసం ఉంటే పోతుందని ఒకామె, పిల్లకు ఎవరితోనో పరిచయం ఉందేమో కనుక్కోమని ఇంకొకామె. ఎవరో వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశమని పెట్టారు. చీటీలో లేని మాట అందులో చేరింది. అది తడ దాకా పోయింది. షిఫ్టు మధ్యలో నా కూతురు ఫోను చేసి ఏడ్చింది.

"అమ్మా, పిల్ల సచ్చిపోతానని రాసిందంట గదా. నాకెందుకు సెప్పలేదు?"

"అట్ల రాయలేదు మే."

"మరి అందరూ అంటాండారే."

బస్సులో ఒక పిల్ల మనవరాలిని పట్టుకుని, దయ్యం పోయిందా అని అడిగిందట. ఇది వేరేవాళ్ళు చెబితే విన్నాను. ఇంట్లో అది నాతో మాట్లాడటం మానేసింది. అడిగినదానికి ఊఁ అంటుంది, అంతే. చర్చికి రానంది. నేను బలవంతం చేయలేదు. నాకు భయం పట్టుకుంది. స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే తలుపు దగ్గర నిలబడి నీళ్ళ చప్పుడు వినేదాన్ని. వాట్సాప్‌లో ఎవరో కల్పించిన ఆ మాట నిజమైతే అన్న భయం.

మా కాలంలో కడుపు మాడేది, అది కష్టమని అందరికీ తెలుసు. ఈ పిల్లల కడుపు నిండుగా ఉంది కాబట్టి కష్టమే లేదనుకుంటాం. తెల్లారితే చదువు, చదువైతే ఉద్యోగం దొరుకుతుందో లేదో, తల్లిదండ్రుల నడుములు తన ఫీజు కోసం విరుగుతున్నాయన్న బరువు. ఇది మోయలేక పిల్ల నోరు తెరిస్తే మాకు తెలిసిన మందు ఒకటే, దయ్యాన్ని గద్దించడం. జ్వరమొస్తే మాత్రం బిళ్ళ వేసుకుంటాం. నమ్మకం సన్నగిల్లిందని చెప్పడానికి ఎంత నమ్మకం కావాలి? ఆ పిల్ల దేవుడిని వదిలేయాలనుకుంటే చీటీ రాసేదే కాదు. ఇంత చిన్న సంగతి మైకు పట్టుకున్నవాడికి తట్టలేదు. వాక్యం కంఠతా వచ్చిన నాకూ తట్టలేదు.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, నేను పెసలు ఏరుతుంటే, అదే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పేరు వద్దన్నారని రాసినా అవ్వా. దేవునికే పోతాదనుకున్నా."

నేను చేట కింద పెట్టాను.

"కాగితం సూసి అనుమానపడినారు. అనుమానంతోనే పోయుండును. నువ్వు లేపినావు."

"అవును మే. నేనే లేపినా. తప్పు నాదే."

తప్పు నాదని ఇంట్లో చిన్నవాళ్ళతో నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు. పిల్ల కాసేపు పెసలు వేళ్ళతో కదిపింది.

"కాలేజీలో ఒక మేడం తిరపతి పెద్దాసుపత్రిలో డాక్టర్ని సూడమనింది. మనసుకు సూసే డాక్టరు. ఇంటోళ్ళు ఒకరు తోడు రావాలంట."

"నేనొస్తా."

"వస్తే యెవురికీ సెప్పగూడదు. ప్రార్థనకి గూడా."

నా జీవితంలో ఎవరూ నన్ను అడగని మాట అది. ఇంట్లో ఏం జరిగినా నలుగురి ప్రార్థనలో పెట్టడమే నేను ఎరిగిన పద్ధతి. "సెప్పను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే అయ్యగారింటికి వెళ్ళాను. మా పాస్టరు మంచివాడే, మెత్తనివాడు. ఆ మెత్తదనం మీదే నాకు ఎక్కువ కోపం.

"చీటీలు మైకులో చదివేది మానెయ్యండి అయ్యా. మా పిల్ల చీటీ నాకిచ్చెయ్యండి."

"అవ్వా, అంతా ఆత్మల మేలు కోసమే కదా. సంఘం మోకరిస్తే బలం" అన్నారు.

"పోయినేడు మీరు వేలూరికి పోయి కూసోలేని సోట ఆపరేషన్ సేయించుకోనొచ్చినారు. అమ్మగారు నాకు సెప్పినారు. సంఘం బలం కోసరం మైకులో సెప్పినామా?"

లోపల అమ్మగారి చేతిలో గిన్నె కింద పడింది. అయ్యగారు లేచారు. బీరువా తీసి ఒక బట్టల షాపు కవరు నా ముందు పెట్టారు. మా పిల్లదొక్కటే అనుకున్నాను. ఎన్ని నెలలవో, ఊళ్ళో పిల్లల చీటీలన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మగారి చీరల పక్కన, తాళం కూడా లేని బీరువాలో.

"ఇవి దాచిపెట్టి ఏం సేస్తారు?"

"పారెయ్యడానికి మనసొప్పక."

కవరు అలాగే తెచ్చుకుని, నీళ్ళు కాచే పొయ్యిలో వేశాను. ఒక్కటి కూడా విప్పలేదు. పెద్దలతో మాట్లాడి పద్ధతి మారుస్తానని అయ్యగారు మాటిచ్చారు. మార్చారు కూడా. ఇప్పుడు మైకు లేకుండా చదువుతున్నారు.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళాం. చీటీ రాయించుకుని వరుసలో కూర్చున్నాం. పిల్ల పేరు పిలిచారు. నేనూ లేచాను.

"నువ్వు ఈడే కూసో అవ్వా" అంది.

కూర్చున్నాను. తలుపు మూసుకుంది. లోపల ఏం మాట్లాడుతున్నారో వినబడలేదు. వినాలని బెంచీ అంచుకు జరిగిన నా తీరు నాకే అసహ్యమేసి, మళ్ళీ వెనక్కి జరిగాను.

అప్పుడే, కూడికలో నా మోచేయి పొడిచినామె, మొగుడికి షుగరు పరీక్ష చేయించి ఆ దారిన వస్తూ నన్ను చూసింది. చక్కా వచ్చి పక్కన కూర్చుంది.

"అవ్వా, ఈడుండావే. పాపకేనా? సెప్పు, రేపు స్త్రీల కూడికలో మనవి పెడదాం."

"నాకు మే. నడుము."

"నడుముకి ఈ గది కాడనా?"

"ఆడ నిలబడేదానికి ఓపిక లేక ఈడ కూసున్నా. ఏం, ఈ బెంచీ మీ నాయన ఏయించినాడా?"

"అయ్యో, అట్లంటావేం. నడుముకే ప్రార్థన సేస్తాంలే."

"సెయ్యండి. గట్టిగా సెయ్యండి."

అబద్ధమాడానన్న బాధ నాకు కలగలేదు. ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆమె మంచిదే. మేమందరం మంచివాళ్ళమే, అదే మండిస్తోంది.

చాలాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు కూడికలో రాని కన్నీళ్ళు ఆ గదిలో వచ్చినట్టున్నాయి. డాక్టరు ఏమన్నాడని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మందుల కిటికీ దగ్గర నిలబడ్డాం. మెట్లు దిగాం. బస్టాండు వైపు ఆటో కోసం చూస్తూ, నా మొహం చూడకుండా, అదే అంది:

"బేస్తవారం మళ్ళా రమ్మన్నారు."

"సరే మే."

"నువ్వే రా. అమ్మకి నేను సెప్పుకుంటాలే."

"వస్తా" అన్నాను. ఇంకేమీ అడగలేదు.