నగ్మా చెక్కిన రెక్కలు

ఉదయగిరి కొండ మీద, మనిషి కాలు పెట్టలేని బండ సందులో, ఒక గద్ద డ్రోనును పొదుగుతోందని చెప్పుకుంటారు. కళ్లారా చూసినవాళ్లు లేరు. వరికుంటపాడు బస్సులో మాత్రం దానికి పిల్లలు కూడా పుట్టాయన్నారు.

ఆ డ్రోను నగ్మాది. చెక్క గరిటెలు చేసే ఇంటి పిల్ల. ముప్పై దాటినా ఉలి తప్ప వేరే సరదా తెలియదనుకున్నారంతా. అలాంటిది ఆత్మకూరులో హరిప్రసాద్ సెల్లు షాపుకెళ్లి, చవక డ్రోను కొని, కొండ మీదికి ఎగరేసింది. గాలి దాన్ని ఎండుటాకులా ఎత్తుకుపోయింది. ఆమె నేరుగా మళ్లీ షాపుకే వెళ్లింది.

“గాలికి నిలబడేది కావాలన్నా.”

“సరదాకి అంత ఖరీదుది ఎందుకమ్మా? పెండ్లిళ్లు తీస్తావా?”

“కొండను పైనుంచి చూస్తాను.”

“చూసి?”

“చూస్తాను. అంతే.”

స్కూటీ అమ్మి మరీ తెచ్చింది. తల్లి జైతూన్‌బీ పెట్టె తెరిచి చూసి నిట్టూర్చింది.

“స్కూటీ ఇచ్చి ఈగను తెచ్చినావే. బర్రెను తెచ్చుంటే పాలన్నా ఇచ్చుండును.”

“పాలు అంగట్లో దొరకతాయిలే అమ్మీ.”

“సరే. మోకాళ్లు పోయినాక నేను కొండెక్కింది లేదు. శుక్రవారానికి పైనుండే మసీదు చూపియ్. చూపిస్తే ఉంచుకో. లేకుంటే ఆ ఈగను అమ్మేసి, స్కూటీ తెచ్చుకో.”

గురువారం పొద్దున, ఆటో తోలే తమ్ముడు నిసార్ దాన్ని పెరట్లో లేపాడు. దండెం మీది చీరలో చుట్టుకుని రెక్క విరిగింది. పెట్టెలో వచ్చిన అదనపు రెక్కల్ని అతను ముందే విరగ్గొట్టి ఉన్నాడు.

“నేను ముట్టుకోలేదు ఆపా. అదే లేచింది.”

“రిమోట్ నీ చేతిలోనే ఉండాది కదరా.”

“నన్ను చూసి ఇంకా ఎక్కువ లేచింది.”

కొత్త రెక్కలు రావడానికి వారం పడుతుందని హరిప్రసాద్ ఫోనులో చెప్పాడు. నగ్మా ఫోను పెట్టేసి ఉలి తీసింది. గరిటెలు చేసే నర్ది చెక్కతో, విరిగినదాన్ని పక్కన పెట్టుకుని, అచ్చంగా అలాంటి రెక్కే చెక్కింది. బిగించి లేపితే డ్రోను చలిజ్వరం వచ్చినట్టు వణికి, పేడకుప్పలో పడింది. ఆ వణుకుకు వింజమూరులో కిటికీలు ఊగాయంటారు.

తీసి కడిగి చూస్తే అర్థమైంది. ఆ ఇంట్లో తీగ చెక్కకుండా చెక్కను వదలడం నామోషీ. ఆమె చేయి అలవాటు కొద్దీ రెక్క ఒక కొసన పూలతీగ చెక్కేసింది. ఆ వైపు తేలికైపోయింది.

మళ్లీ కూర్చుంది. ఈసారి తీగ లేకుండా నాలుగు రెక్కలూ చెక్కింది. ఒక్కొక్కదాన్ని సూది మొన మీద నిలబెట్టి, వాలిన వైపు గీకి, మళ్లీ నిలబెట్టింది. అన్నం పిలుపు వినిపించుకోలేదు.

“మీ నాయన ఉండుంటే ఈ బోడి చెక్కను గడప దాటనిచ్చేవాడు కాదు,” అంది జైతూన్‌బీ.

“గరిటె కాదు గదమ్మీ. ఇది ఎగరాల.”

శుక్రవారం నమాజు అయ్యాక ఎగిరింది. ఊళ్లో మేకలన్నీ తలెత్తి చూసి మెడలు పట్టేయించుకున్నాయి. కొండ దగ్గర గాలి ఒక్క తోపు తోసింది. డ్రోను పక్కకు వాలింది కానీ పోలేదు. ఫోనులో మసీదు బొమ్మ ఊగకుండా నిలబడింది. స్కూటీ అమ్మిన డబ్బంతా ఆ ఊగకపోవడంలోనే ఉంది.

జైతూన్‌బీ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

“ఆ మెట్ల కాడే మీ నాయన నాకు సీతాఫలం కోసిచ్చినాడు. ఇంకొంచెం కిందికి పోనీ.”

“దించాల అమ్మీ. బ్యాటరీ అయిపోతా ఉండాది.”

“అయితే దించు. రేపు మళ్లా ఎగరెయ్యి. కోనేరు చూడలా నేను.”

ఆ ఇంట్లో స్కూటీ మాట మళ్లీ రాలేదు.

ఇదంతా నిజమేనా అని అడిగితే నగ్మా ఉలి ఆపదు.

“ఎవురు చెప్పింది? చెక్క రెక్కలతో డ్రోను ఎగరతాదా ఏందన్నా? మా అమ్మీకి ఫోను ఎత్తడమే రాదు. అంతా వట్టి మాట. గరిటె కావాలంటే చెప్పు, లేకుంటే వెలుతురుకు అడ్డం జరుగు.”