దుడ్లా? లెక్కా?

పరిశోధన చేసే వయసులో నాకు దయ్యాలంటే భయం లేదు, సమీక్షకులంటేనే భయం. కడపలో పీహెచ్‌డీ వెలగబెడుతున్న ఆ రోజుల్లో, పరిశోధన పత్రిక ఒక్క వ్యాసమైనా అచ్చుకు ఒప్పుకుంటే తప్ప థీసిస్ తీసుకునేది లేదని విశ్వవిద్యాలయం వాళ్లు భీష్మించుకుని కూర్చున్నారు. నా గడువేమో ఆ వేసవితో సరి. మనం పంపిన వ్యాసంలో పేరు చెరిపేసి, సంపాదకుడు దాన్ని విషయం తెలిసిన ఇద్దరికి పంపుతాడు. వాళ్లెవరో మనకు తెలియదు, మనమెవరో వాళ్లకు తెలియదు. ఊరికే చదివిపెట్టి, తప్పులన్నీ ఏరి పంపుతారు (ఊరికే చేసే పని మనుషులు ఇంత కసిగా చేస్తారని అప్పుడే తెలిసింది).

నా వ్యాసం గాలి సోకడం గురించి పల్లెల్లో వాడే మాటల మీద. మైదుకూరు పక్క పల్లెల్లో ముసలివాళ్లను అడిగి రాయాలి. మైదుకూరుకు వెళ్లాను, అబద్ధం చెప్పను. బస్టాండులో దిగి, ఎండ చూసి, రెండు గ్లాసుల నన్నారి షర్బతు తాగి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను. మరి ఉదాహరణ కావాలి కదా! చిన్నప్పుడు మా జేజి, అంటే నాన్నమ్మ, ఆదోని వైపు ఊళ్లో నాతో అన్న మాటను “మైదుకూరు ప్రాంతపు వృద్ధురాలు” నోట పెట్టేశాను. “గాలేం చేస్తాది లేప్పా, దేవునికి దుడ్లు ముడుఫు కట్టినాలే, పండుకో.” బోసినోటి జేజి పలికినట్టే ‘ముడుఫు’ అని రాసి, నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

మొదటి సమీక్షకుడు కామాలు దిద్ది వదిలేశాడు. రెండో ఆయన నివేదిక మిట్టమధ్యాహ్నం, విభాగంలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఫోనుకు వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగి ఉంది. “ఈ మాట అన్నామె మైదుకూరు మనిషి కాదు. అక్కడ డబ్బును లెక్క అంటారు. దుడ్లు అంటే కర్నూలు పడమటి మాట. ఆమెకు పళ్లు లేవు. ఇది అడిగితే చెప్పిన మాట కాదు, జడుసుకున్న పిల్లవాణ్ణి పండుకోబెడుతూ అన్న మాట. ఆమె ఇప్పుడుందా?”

జేజి పోయి అప్పటికి మూడేళ్లు. కారుతున్న చెమట చల్లబడింది. వెనక నుంచి టక్కు టక్కుమని, జేజి దంచుకున్నట్టే చిన్న రోట్లో వక్కాకు దంచుతున్న చప్పుడు (పక్క గదిలో ఎవరో స్టేప్లరు కొడుతుండాలి. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను). చెప్పులు మరిచి మా గైడు సారు ఇంటికి పరుగెత్తాను.

సారు రెండుసార్లు చదివాడు. “మైదుకూరుకు పోయినావా?”

“పోయినా సార్... బస్టాండు దాకా.”

“థూ! దయ్యం కాదప్పా, ఆయప్ప చదివినాడు, అంతే. మనసుపెట్టి చదివేటోళ్లు శానా తక్కువ. అందుకే నీకు దయ్యం మాదిరి కనపడతాండాడు. పోయి నిజం రాయి. లేకుంటే నీ థీసిస్‌కు నేనే గాలి పట్టిస్తా.”

మర్నాడు నిజంగానే వెళ్లాను. వేపచెట్టు కింద ఒక అవ్వ నా నోట ‘దుడ్లు’ విని పకపకా నవ్వింది. “దుడ్లా? అదేం మాటప్పా! లెక్క అనాల. యా ఊరు మీది?” ఆమె మాట ఆమె పేరనే రాశాను. జేజి మాట కింద జేజి ఊరు రాసి, “మా నాన్నమ్మ. ఇప్పుడు లేదు” అని చేర్చాను. ఆ నాలుగు మాటలు టైపు చేయడానికి ఒక సాయంత్రం పట్టింది, జేజి పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

రెండో సమీక్షకుడి జవాబు రెండు ముక్కలే. “ఇప్పుడు ఎవరి మాట వాళ్ల నోట ఉంది. అచ్చు వేయవచ్చు.” గడువుకు నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చేశాను. ఆయన ఎవరో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు నేనూ పేరులేని సమీక్షకుణ్ణే. మొన్న ఒక వ్యాసంలో ఎవరిదో ముసలామె మాట, సర్వేలో దొరికే మాటల్లా చల్లగా లేదు, సొంతవాళ్లతో అన్నట్టుంది. “ఈమె ఇప్పుడుందా?” అని టైపు చేశాను. ఎక్కడో ఎవరో ఉలిక్కిపడి వెనక్కి చూసుకుంటారు కదా అని నవ్వొచ్చింది. పంపే ముందు నేనూ ఒకసారి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ఉంటే బాగుండుననిపించింది.