గ్లాసులో చారు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంటి అంకుల్, వంటింట్లో ఒంటరిగా నిలబడి చారన్నం తింటుంటే నేను చూశాను. చూసి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాను. డైరీలో కూడా రాసుకోలేదు. ఇవాళ హాలిఫాక్స్‌లో, నేను పనిచేసే ఆసుపత్రి వంటగదిలో, ఒక ట్రే మీద నుంచి సూప్ గిన్నె తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ పేషెంటుకి ఆపరేషన్ చేసి జీర్ణాశయం తీసేశారు. భోజనంతో పాటు పల్చటివేవీ ఇవ్వకూడదు, కాసేపాగి విడిగా ఇవ్వాలి. మూత పెడుతుంటే మిరియాల వాసన ముక్కుకి తగిలింది.

మన పిల్లలు కెనడాకి గుంపులు గుంపులుగా దిగుతున్న రోజులవి. మేమున్న ఏజాక్స్ ఊళ్ళో ఏ ఇంటి బేస్‌మెంట్ గుమ్మం చూసినా కుప్పగా స్నో బూట్లే. అలాంటి ఒక బేస్‌మెంట్‌లో మేం నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గురూ కంప్యూటర్లు చదువుతుంటే నేనొక్కదాన్నే న్యూట్రిషన్. బస్సులో స్టాపు కోసం తాడు లాగితే అందరూ నావైపు చూస్తారని, ఇంకెవరో లాగిన స్టాపులో దిగి వెనక్కి నడిచే రకం నేను. పైన ఇంటివాళ్ళు, అంకుల్, ఆంటీ, కృష్ణా డెల్టా వైపు వాళ్ళు. ఆంటీ వృద్ధాశ్రమంలో పనిచేసేవారు, ఆదివారాలు చర్చిలో పాడేవారు. భోజనానికి ముందు ఆవిడ ప్రార్థన మొదలుపెడితే, పొగలు కక్కే అన్నం ఆమెన్ అనేసరికి చల్లారిపోయేది. అంకుల్ స్కూల్ బస్సు నడిపేవారు, జబ్బు చేసేదాకా.

క్యాన్సర్ వచ్చి ఆయన జీర్ణాశయం మొత్తం తీసేశారు. అన్నవాహికని తిన్నగా పేగుకి కుట్టారు. కొంచెం కొంచెంగా, రోజంతా, బాగా నమిలి తినాలి. ఒక్కో భోజనానికి గంట. బరువు ఇంకా తగ్గితే మిగతా కీమో మందు ఎక్కించడం కుదరదని డాక్టర్లు ముందే చెప్పారు. పక్కన మనిషి లేకపోతే ఆయన నాలుగు ముద్దలు మింగి లేచిపోయేవారు. ఆంటీకి డ్యూటీలు. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "నువ్వొచ్చి కూర్చోమ్మా సాయంత్రాలు. నీకెలాగూ మాటలు రావు. వేరేవాళ్ళయితే ఆయన కబుర్లలో పడి నమలడం మర్చిపోతారు" అన్నారు. నా మౌనం ఒకరికి పనికొచ్చింది అదే మొదటిసారి.

కూర్చునేదాన్ని. కానీ ఆయన బరువు తగ్గుతూనే ఉంది. తిన్న కాసేపటికి ముఖం పాలిపోయి, ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడేది. మరికాసేపటికి చేతులు వణికి, నిద్ర ముంచుకొచ్చేది. జబ్బు తిరగబెట్టిందేమోనని ఆంటీకి భయం. అరుగుదలకి మంచిదని మిరియాలు, జీలకర్ర ఎక్కువేసి చారు కాచేవారు, చలవ చేస్తుందని చివర్లో మజ్జిగ పోసేవారు. అన్నంతో నీళ్ళు తాగొద్దని ఆసుపత్రిలో చెప్పారని నీళ్ళ గ్లాసు మాత్రం టేబుల్ మీద కనబడనిచ్చేవారు కాదు. చారు, మజ్జిగ నీళ్ళ లెక్కలోకి వస్తాయని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ వెంటనే తట్టలేదు. మనకి అవి అన్నమే కదా!

జీర్ణాశయం తీసేసినవాళ్ళ తిండి గురించి క్లాసులో పాఠం వచ్చిన రోజు, మెట్ల మీద కూర్చుని చెప్పాల్సిన నాలుగు మాటలూ మళ్ళీ మళ్ళీ వల్లించుకుని పైకి వెళ్ళాను. "జీర్ణాశయం ఒక సంచి అంకుల్. తిన్నదాన్ని ఆమ్లంతో నానబెట్టి, మెత్తగా చేసి, కింద ఉన్న గేటులోంచి కొద్దికొద్దిగా పేగులోకి వదుల్తుంది. మీకిప్పుడు ఆ గేటు లేదు. చారుతో కలిపితే అంతా ఒక్కసారే జారిపోతుంది. పేగు రక్తంలోంచి నీళ్ళు లాక్కుంటుంది, అందుకే చెమటలు, దడ. తర్వాత చక్కెర ఒక్కసారిగా పెరిగి, మళ్ళీ అంత తొందరగా పడిపోతుంది, అందుకే వణుకు." అంత పొడుగు మాట నా జీవితంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆంటీ గరిటె పట్టుకుని అలాగే చూస్తున్నారు. అంకుల్, "అంటే మా కాలవ మీద లాకులు ఎత్తేసినట్టన్నమాట. నీళ్ళన్నీ ఒక్కసారే చేలో పడితే ఊడ్చిన నారు కొట్టుకుపోదూ!" అన్నారు. ఆంటీ వైపు తిరిగి, "విన్నావుటే? ఇన్నాళ్ళూ నన్ను ముంచుతున్నది నీ చారే" అన్నారు. "ముంచుతుంటే లొట్టలేసుకుంటూ మునిగింది ఎవరండీ?" అన్నారావిడ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ వారమే ఆసుపత్రిలో డైటీషియన్‌ని అడిగితే ఆమె కూడా అదే చెప్పింది.

ఆ రోజు నుంచి ఆయన పొడికూర, గుడ్డు, బిరుసుగా వండిన కాసింత అన్నం తినేవారు. చెమటలు ఆగాయి. నెల తిరిగేసరికి బరువు నిలబడింది, మందు మళ్ళీ మొదలైంది. నన్ను "డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. చారు మాత్రం భోజనమయ్యాక చాలాసేపటికి గ్లాసులో వచ్చేది. కిటికీ దగ్గర నిలబడి, కాఫీలా చప్పరిస్తూ, "మీ కరీంనగర్‌లో కాచకుండానే చేస్తారటగా పచ్చిపులుసు. అదీ ఒక చారేనా?" అని నన్ను ఏడిపించేవారు. సగం తాగి గ్లాసు సింకులో పెట్టేసేవారు. అన్నం లేని చారు ఆయనకి ఏనాడూ చారనిపించలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

నేను చూసింది ఒక ఆదివారం. ఆంటీ చర్చికి వెళ్ళారు. ఆవిడ గిన్నె తిరిగి ఇవ్వడానికి పైకి వెళ్తే, అంకుల్ స్టవ్ దగ్గర అటు తిరిగి ఉన్నారు. కంచం చేత్తో ఎత్తి పట్టుకుని, జారుగా కలిపిన చారన్నం జుర్రుకుంటున్నారు. కంచం దించి, గట్టు అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు, రాబోయే చెమట కోసం ఎదురుచూస్తున్నట్టు. నేను వెనక్కి తగ్గాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. సాయంత్రం వెళ్తే, "ఇవాళంతా పొడిగానే, డాక్టరమ్మా" అన్నారు. తలూపాను. ఇప్పుడనిపిస్తుంది, ఆయనకి ఆ పూట కావలసింది డాక్టరమ్మ కాదు. రోజూ కూర్చున్నట్టే ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఆ దడేదో తగ్గేదాకా పక్కన ఉంటే, సరిపోయేది. పొడి అన్నానికి గంటలు గంటలు తోడున్నదాన్ని, ఇష్టంగా తిన్న ఆ ఒక్క కంచానికి లేకుండా పోయాను.

వేసవిలో నాకు హాలిఫాక్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ చలికాలం ఆంటీ ఫోన్ చేశారు, జబ్బు కాలేయానికి పాకిందని. మళ్ళీ ఫోన్ వచ్చేసరికి ఆయన లేరు. "ఏదడిగితే అది పెట్టమన్నారమ్మా చివర్లో. చారు కలిపి పెట్టాను. రెండు ముద్దలు కూడా దిగలేదు" అన్నారు.

ఆ వేసవిలో నేను హాలిఫాక్స్‌కి బయల్దేరిన రోజు ఆయనే నాకు కంచం పెట్టారు. అన్నం మీద గరిటెతో చారు పోశారు, పొగలు కక్కుతూ. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళే కారు బయట హారన్ కొడుతోంది. ఆ ఆదివారం సంగతి చెప్పేద్దామని ఒకసారి తలెత్తాను. చెప్పలేక, గబగబా కలిపి మింగుతున్నాను. నేను రోజూ కూర్చునే కుర్చీ లాక్కుని అంకుల్ ఎదురుగా కూర్చున్నారు. గంటసేపు తినే మనిషికి ఇక ఎంత కాలం మిగిలిందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

"నెమ్మదిగా తిను తల్లీ. కారు ఆగుతుందిలే. నేను కూర్చుంటాగా."