మేనత్త చిలుక, సంఘం ప్రింటరు

మొన్న నల్లగొండ నుంచి పట్నం పోతుంటే నార్కట్‌పల్లి కాడ బస్సు ఆగింది, చాయ్ తాగుదామని దిగిన. పక్కన లారీలు తూచే కాంటా ఉన్నది, తూకం చిట్టీలు కొట్టే చిన్న గదిల నుంచి కర్ర్ కర్ర్‌మని ఒక చప్పుడు వినవడ్డది. ఓయమ్మా, ఇది ఇంకా బతికే ఉన్నదా అనుకున్న. మన ఈడోళ్లకు ఆ చప్పుడు ఇదీ అని చెప్పే పని లేదు. కాగితానికి రెండు దిక్కుల రంధ్రాలు, నల్ల రిబ్బను, సూదులతోని పొడిచి పొడిచి అక్షరం చేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఇప్పటి పిల్లలకు చెప్తే, బట్టలు కుట్టే మిషినా అని అడుగుతరు.

తెలంగాణ వచ్చిన కొత్తల నేను మా ఊరి చేనేత సంఘం ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసునేదాన్ని. అప్పటికే ఆ ప్రింటరు ముసలిదైంది, బయట షాపులల్ల లేజర్లు వచ్చినయి గానీ, మా సంఘపోళ్లకు కొత్తది కొనాలన్న సోయి లేకుండె. నూలు ఎంత పోయింది, చీరెలు ఎన్ని వచ్చినయి అని కొట్టుడు, చింపుడు, మేనేజర్ సార్ ముందట పెట్టుడు, ఇదే నా నౌకరి.

మా మేనత్త ఇల్లు ఆఫీసు ఎనుకనే. ఆమె చిటికి కట్టేది. అంటే పోగులు మగ్గం ఎక్కకముందే, రంగు అంటొద్దన్న కాడల్లా సైకిల్ ట్యూబు రబ్బరు బిర్రుగ చుట్టుడన్నట్టు. ఎక్కడ చుట్టాల్నో గడుల కాగితం మీద గీసి ఉంటది, ఒక్క గడి తప్పినా చీరె మీద పువ్వు పక్కకు జరుగుతది. అత్త కట్టిన దానికి వంక పెట్టినోళ్లు ఊర్లె లేరు. పెట్టి ఆమె నోట్ల పడే ధైర్యం ఎవరికున్నది?

గసొంటి అత్తకు షుగరు కండ్ల మీదికి వచ్చింది. దవాఖానల చూపిస్తే, ఉన్న చూపు కాపాడుకోవాలె గానీ పోయింది తిరిగి రాదన్నరు. గడులన్నీ కలిసిపోయి బూడిద చల్లినట్టు కనవడ్డయట. ఇంట్ల ఆమె కోడలు, ఇంక చాలు అత్తమ్మా, తిని కూసో అన్నది. పాపం, మంచికే అన్నది. అత్త ఆ దినం నుంచి ఇంట్ల మాట బంద్ పెట్టింది. చిటికి కట్టకపోతే నేనేందే, పొద్దుగూకులు గోడకు ఒరగవెట్టిన మూటనా అని నాతోని ఒక్కదానితోనే అన్నది.

ఆ గడుల కాగితాన్ని జిరాక్సుల పెద్దగ చేపిచ్చి చూసిన, గీతలు ఇంకా మసకైనయి. అప్పుడు మా ముసలి ప్రింటరు యాదికొచ్చింది. నల్లగొండల కోర్సు చేసినప్పుడు బేసిక్‌ల చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుడు నేర్పిన్రు. ఆ ప్రింటరుది ఒక తీరు. ముందుగాల ఇరవై ఏడు అనే నంబరు పంపితే, ఎనుక వచ్చేది అక్షరం కాదు, హుకుం అని దానికి తెలుస్తది. ఒక హుకుంకు అక్షరం రెండింతల వెడల్పైతది, ఇంకొకదానికి దిట్టంగ నల్లగ పడ్తది. అత్త పక్కన కూసొని, ఆమె మనసుల ఉన్న చిలుకల అంచును ఆమె నోటితోనే చెప్పిచ్చుకొని, కట్టే గడికి ఒక గుర్తు, కట్టని గడికి ఖాళీ, వరుస ఎనుక వరుస టైపు చేసిన. సార్ అన్నానికి పోయిన యాళ్ల కొట్టిన. అతుకు లేని కాగితం గదా, అంచు మొత్తం ఒకటే పట్టీగ దిగింది.

అత్త దాన్ని గోడకు పెట్టిచ్చి, దగ్గరికి పోయి, ఏలు పెట్టి చూసుకుంట చూసుకుంట ఒక్కసారే గయ్యిమన్నది. ఇదేందే, చిలుకనా, పొదిగే కోడిపెట్టనా? నిజమే, నేను అక్షరాన్ని వెడల్పు చేసిన గానీ వరుసల నడుమ సందు పెంచలే, చిలుక పొట్టిగ లావుగ కూసున్నది. ఆమె తిడ్తనే ఉన్నది, నాకేమో సంబురం ఆగలే. కనవడ్తేనే గదా తిట్టేది!

సందు పెంచే హుకుం కూడ రాసి, మళ్లీ కొట్టి ఇచ్చిన. ఆ తొందరల, మళ్లీ మామూలుగ అయిపొమ్మని ప్రింటరుకు చెప్పుడు మరిచిన. సార్ అన్నం తినొచ్చి నూలు లెక్క కొట్టిస్తే ఒక్కొక్క అక్షరం బుడ్డపోరడంత దిగింది. ఏందమ్మా, గోడల మీద రాసే నినాదాలా ఇవి అన్నడు. అత్త చిటికి కట్టుడు మళ్లీ మొదలైంది, ఇంట్ల లొల్లి కూడ మొదలైంది, అందరం నిమ్మలపడ్డం.

కానీ చూపు ఆగలే. ఏడాదికేడాది గడి పెద్దగైంది. ఒక్క గుర్తు సరిపోక నాలుగు గుర్తులు కలిపి ఒక గడి చేసిన, కాగితం వెడల్పు చాలక రెండు పట్టీలు పక్కపక్కన అంటువెట్టిన, చిలుక గోడ సగం ఆక్రమించింది. ఒకపారి కాగితం పక్కకు గుంజుకపోయి చిలుకకు ముక్కు పడనేలేదు. నేను ఆఫీసుల చూసుకోలే, గోడకు పెట్టినంక చూసిన. ఇగ తిట్లు షురూ అని నిలవడ్డ. అత్త అరచేత్తోని కాగితాన్ని నిమిరి, మంచిగొచ్చింది బిడ్డా అన్నది.

ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలే. నాకు ఏడుపొచ్చింది, సప్పుడు చెయ్యలే. నా సప్పుడు లేకపోవుడే ఆమెకు సంగతి చెప్పినట్టున్నది. తన పక్కన ఉన్న రబ్బరు ముక్కల గంపను, ఇగ నువ్వు కట్టు అన్నట్టు, కోడలి దిక్కు జరిపింది.

అత్త పోయి కొన్నేండ్లైంది. ఇప్పుడు డిజైన్లు పట్నం నుంచి ఫోన్లకే వస్తున్నయి, రంగురంగులవి, రెండు వేళ్లతోని గుంజితే ఎంతంటే అంత పెద్దగైతయి. మంచిదే, నాకేం దుఃఖం లేదు. నౌకరి చేసినన్నొద్దులు నేను కొట్టిన కాగితాలకు లెక్క లేదు. అన్నిటి మీద ఎవరో ఒకరు సంతకం పెట్టిన్రు, పిన్ను కొట్టిన్రు, బీరువల పెట్టిన్రు. పట్టి పట్టి చూసి నన్ను తిట్టింది మాత్రం, సగం చూపున్న మా అత్త ఒక్కతే.