సరళ పేరులోని ళ

సరళ పేరు నా నోట ‘సరలా’ అయిపోయిన సాయంత్రం బాగా గుర్తుంది. మాకు కొత్తగా పెళ్ళయింది. తను పలాసలో టీచరు; స్కూలు సెలవులిచ్చేదాకా అక్కడే ఉండాలి. నేను భిలాయిలో పుట్టి పెరిగిన ఇంజనీరును, అక్కడే రిసాలి కాలనీ క్వార్టర్లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు. రోజూ ఫోన్లో తనే నాకు ళ, ణ పలకడం నేర్పేది.

“ఏటండీ, ఇందాక బాగానే అన్నారు కదా, ఇంతలోనే హిందీ నోరు వచ్చేసిందేటి?” అని నవ్వింది. నేనూ నవ్వాను. పొరపాటు అక్కడే జరిగింది. నా మాట మొదట్లో బాగుండి, సాగేకొద్దీ ముద్దయ్యేది. ఇద్దరం దాన్ని యాస అనుకున్నాం.

తర్వాత ఒక్కొక్కటిగా మొదలయ్యాయి: గొంతు ముక్కులోంచి రావడం, రొట్టె నమలలేకపోవడం, తాగిన నీళ్ళు ముక్కులోకి ఎగదన్నడం, మెడ వాలిపోవడం. ఈఎన్‌టీ డాక్టరు గొంతులో ఏమీ లేదన్నారు. రాయ్‌పూర్ న్యూరాలజిస్టు నాచేత బిగ్గరగా అంకెలు చెప్పించి, మధ్యలో ఆపారు. “భాషా నహీ, ఆవాజ్ థక్ రహీ హై,” అన్నారు. తప్పు భాషది కాదు, గొంతే అలసిపోతోంది.

వాడేకొద్దీ కండరాలు నీరసించే మయస్తీనియా జబ్బని అనుమానించారు. మొదటి యాంటీబాడీ టెస్టు నెగటివ్. ఇచ్చిన మాత్రలతో కడుపునొప్పి తప్ప లాభం లేకపోయింది. రెండో టెస్టులో తేలింది: మస్క్ పాజిటివ్.

నరం పంపే సంకేతాన్ని కండరం మీది రిసెప్టర్లు అందుకోవాలి. అవి నరానికి ఎదురుగా గుంపుగా నిలబడాలంటే, నరం నుంచి యాగ్రిన్ అనే ప్రోటీన్ వచ్చి, మరో ప్రోటీన్ సాయంతో, కండరం మీది మస్క్ అనే ప్రోటీన్‌ను మేల్కొలపాలి. నా ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు ఆ మేల్కొలుపునే అడ్డుకున్నాయి. రిసెప్టర్లు చెదిరిపోయాయి. నరం పిలుస్తూనే ఉంది. కండరానికి సరిగా వినబడలేదు.

స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఊపిరి అందక ఐసీయూకి వెళ్ళాను. ఆ తర్వాత ఆ యాంటీబాడీలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. ఆ నెలల్లో ఫోన్లో సరళ ఒక్కతే మాట్లాడేది, నేను గోటితో ఫోన్ మీద తట్టేవాణ్ణి. ఒకసారి ఆగి, “మీరేటీ అనకండి. ఉన్నారని తెలుస్తాది, నాకది చాలు,” అంది. నాకు చాలలేదు. తనతో ఒక చిన్న గొడవ పడేంత గొంతైనా కావాలనిపించేది.

ఇప్పుడు సరళ ఇక్కడే ఉంది. పొద్దున కబుర్లు నావి, సాయంత్రం తనవి. చీకటి పడేసరికి నా గొంతు ఇప్పటికీ జారుతుంది. చెప్పాలనుకున్నవి మరుసటి పొద్దుటికి మిగులుతాయి. కొన్ని అప్పటికే చల్లారిపోతాయి.

మీ ఇంట్లో ఎవరి మాటైనా సాగేకొద్దీ ముద్దవుతుంటే యాస అని సరిపెట్టుకోకండి. పొద్దున ఒకసారి, చాలాసేపు మాట్లాడాక ఒకసారి గొంతు రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. మా తొలి ఫోన్ మాటల రికార్డు నా దగ్గర లేదు. అప్పటి నా గొంతు ఎలా ఉండేదో సరళనే అడుగుతుంటాను.